పిల్లల కేంద్రంలో బిడ్డకు హాని జరిగితే ఏం చేయాలి? ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగు తల్లిదండ్రులకు

బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్తే బిడ్డ ఉండేది అంగన్‌వాడీలో, వీధి చివరి ప్లే స్కూల్లో, లేదంటే ఎవరో తమ ఇంటి ముందు గదిలో నడిపే డేకేర్‌లో. అక్కడ ఏదైనా జరిగినప్పుడు మనవాళ్లు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. గేటు దగ్గర గొంతు చించుకుని అరిచి వస్తారు. లేదా తరాలుగా ఇక్కడే ఉంటున్నా సరే, "ఒడియా రాయడం రానివాళ్లం, మనకెందుకు గొడవ" అనుకుని మర్నాటి నుంచి బిడ్డను పంపడం మానేస్తారు.

ఈ రెండింటి వల్లా కేంద్రం నడిపేవారికి పోయేదేమీ లేదు. అరుపులు సాయంత్రానికి చల్లారతాయి, ఖాళీ అయిన చోట వారం తిరక్కుండా ఇంకో బిడ్డ చేరుతుంది. వాళ్లను కదిలించేది తేదీ, సంతకం ఉన్న కాగితం. దాన్ని ఎప్పుడు, ఎవరికి, ఎలా ఇవ్వాలో వరుసగా చూద్దాం.

1. ముందు వైద్యం, వెంటనే వైద్యుడి చీటీ

తలకు దెబ్బ తగిలిన బిడ్డ పదేపదే వాంతి చేసుకుంటున్నా, లేపినా లేవనంత మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా, రెండు కనుపాపలు ఒకే పరిమాణంలో కనిపించకపోయినా, చెవి నుంచి గాని ముక్కు నుంచి గాని నీరు కారుతున్నా 108కి ఫోను చేయండి. కాలిన చోటును 20 నిమిషాల పాటు చల్లటి కుళాయి నీటి ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏదీ రాయకండి.

ఆసుపత్రిలో చాలామంది చేజేతులా కేసును పాడుచేసుకునే చోటు ఒకటుంది. ఎలా తగిలిందని వైద్యుడు అడిగితే, కేంద్రం వాళ్లు చెప్పిన మాటే అప్పజెప్పి "ఆడుకుంటూ పడ్డాడండీ" అంటారు. అదే చీటీ మీదికి ఎక్కుతుంది. మీ కళ్లతో చూడనిదాన్ని చెప్పకండి. "డేకేర్‌లో ఉన్నప్పుడు తగిలింది, ఎలా తగిలిందో మాకు తెలియదు, పడ్డాడని వాళ్లు అంటున్నారు" అని చెప్పి, అలాగే రాయమని అడగండి. దెబ్బ అనుమానాస్పదంగా ఉంటే మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా, నమోదు చేయమనండి. దీనికి ప్రైవేటు ఆసుపత్రి వెనుకాడితే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. పర్లాకిమిడి వాళ్లు శ్రీకాకుళం వైపు చూపించుకోవడం మామూలే. చీటీ ఏ రాష్ట్రంలో రాసినా చెల్లుతుంది.

దెబ్బ ఎక్కడ తగిలిందో చూడటం కూడా తెలిసి ఉండాలి. నడక నేర్చిన పిల్లలకు మోకాళ్ల మీద, కాలి ఎముక మీద, నుదుటి మీద గీతలూ బొప్పెలూ సహజం. చెవి మీద, మెడ మీద, ఛాతీ, వీపు, పొట్ట, తొడ లోపలి భాగాల మీద కమిలిన మచ్చలు అంత సహజం కాదు. వేళ్ల ఆకారంలోనో బెల్టు ఆకారంలోనో ఉన్న మచ్చలూ అంతే. ఇంకా పాకడం కూడా రాని పసికందు ఒంటి మీద ఏ కమిలిన మచ్చ ఉన్నా అదే రోజు వైద్యుడికి చూపించాలి.

2. మచ్చ మాయమయ్యేలోపు ఫొటో, మాట మారేలోపు రాత

పగటి వెలుతురులో రెండు ఫొటోలు తీయండి. ఒకటి దూరం నుంచి, ఒంటి మీద ఏ భాగమో తెలిసేలా. రెండోది దగ్గర నుంచి, మచ్చ పక్కన రూపాయి నాణెం పెట్టి. నాణెం ఉంటే మచ్చ ఎంత పెద్దదో ఎవరూ వాదించలేరు. మర్నాడు, ఆ మర్నాడు మళ్లీ తీయండి, కమిలిన చోటు రంగు మారుతూ పోతుంది. ఫొటోల మీద బాణం గుర్తులు గీయవద్దు, ఫిల్టర్లు వాడవద్దు. కేసు తేలేదాకా ఆ ఫోను అమ్మవద్దు, మార్చవద్దు. అసలు ఫైలు ఉన్న పరికరమే రేపు న్యాయస్థానంలో అక్కరకొస్తుంది.

నోటుపుస్తకంలో ఆ రాత్రే రాయండి. "బాబును బాగా కొట్టారు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. ఇలా రాయండి: "మంగళవారం ఉదయం 9 గంటలకు దింపినప్పుడు ఒంటి మీద ఏ దెబ్బా లేదు. సాయంత్రం 5.20కి తీసుకున్నాం. ఎడమ చెవి వెనుక రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. ఆయా ఏమీ చెప్పలేదు. మేం అడిగితే జారుడుబల్ల మీంచి పడ్డాడని అంది. ఆ ఆవరణలో జారుడుబల్ల లేదు."

3. బిడ్డను అడగండి, బిడ్డ నోట్లో మాట పెట్టకండి

"ఆయా కొట్టింది కదూ?" అని అడిగితే మూడేళ్ల బిడ్డ అవునంటుంది. "కొట్టలేదు కదూ?" అంటే దానికీ అవునంటుంది. "ఈరోజు ఏం జరిగిందమ్మా?", "తర్వాత?", "అప్పుడు నువ్వెక్కడున్నావు?" ఇంతవరకే అడగండి. అమ్మమ్మ ఒకసారి, మేనత్త ఒకసారి, పక్కింటావిడ ఒకసారి అడిగితే చివరికి బిడ్డ చెప్పే కథలో సగం పెద్దవాళ్లదే అవుతుంది. ఒక్కరే అడగాలి, ఒక్కసారే అడగాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, కేంద్రంలో ఒడియా కలిపి మాట్లాడతారు. ఆ కలగాపులగాన్ని మీరు సరిదిద్దకుండా, ఉన్నదున్నట్టు రాసుకోండి.

లైంగిక హింస జరిగిందన్న అనుమానం ఏ కాస్త ఉన్నా బిడ్డకు స్నానం చేయించకండి, బట్టలు ఉతకకండి. ఆ బట్టలు ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితపు సంచిలో పెట్టి తిన్నగా ఆసుపత్రికి వెళ్లండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సి.ఆర్.పి.సి. స్థానంలో వచ్చిన చట్టం) 397వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రైనా, ప్రైవేటు ఆసుపత్రైనా ఉచితంగా వైద్యం చేసి, పోలీసులకు తెలియజేయాల్సిందే. బాధితురాలు ఆడపిల్లయితే పరీక్ష మహిళా వైద్యురాలే చేయాలి, ఆ సమయంలో తల్లిదండ్రులలో ఒకరు పక్కన ఉండవచ్చు.

4. కేంద్రానికి ఉత్తరం, అదీ మర్నాడే

తొందర ఎందుకంటే సీసీ కెమెరా. రికార్డింగు పెట్టె నిండగానే పాత దృశ్యాలు చెరిగి వాటి మీద కొత్తవి ఎక్కుతాయి. చిన్న కేంద్రాల్లో వారం పది రోజులకే ఆ పని జరిగిపోవచ్చు. "తర్వాత చూద్దాం" అన్నవాళ్ల ధైర్యం అక్కడే ఉంది.

ఉత్తరంలో నాలుగే విషయాలు చాలు: ఏ రోజు, ఏ దెబ్బ, ఆ సమయంలో గదిలో ఎవరున్నారు, ఫలానా తేదీ ఫలానా గంటల మధ్య దృశ్యాలను చెరపకుండా భద్రపరచండి. దృశ్యాల ప్రతి ఇవ్వమని పట్టుబట్టకండి, అందులో వేరేవారి పిల్లలూ ఉంటారు కాబట్టి వాళ్లు కాదనవచ్చు. భద్రపరచమని అడిగితే కాదనడానికి కారణం ఉండదు. ఆ తర్వాత చెరిగిపోయాయంటే అది వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. మీ దగ్గర ఉండే ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి. సంతకం చేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. ఇక్కడి కార్యాలయాలు ఒడియాలో నడుస్తాయి కనుక అధికారులకు ఇచ్చేది ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే పని త్వరగా కదులుతుంది. కలెక్టరేట్ బయట అర్జీలు రాసేవారు దొరుకుతారు. వాళ్లు రాసింది మీకు చదివి అర్థం చెప్పాకే సంతకం పెట్టండి.

5. ఏ తలుపు తట్టాలి?

అన్నింటికీ పోలీసులే కాదు, అన్నింటికీ ప్రిన్సిపాలే కాదు.

డైపర్ మార్చకపోవడం, మందు సమయానికి వేయకపోవడం, గేటు తెరిచి వదిలేయడం లాంటివి మొదట కేంద్రంతో, రాతలో తేల్చుకోవాలి. మళ్లీ జరిగితే పై మెట్టు. అంగన్‌వాడీ అయితే సి.డి.పి.ఓ. (అంగన్‌వాడీలను పర్యవేక్షించే శిశు అభివృద్ధి పథకం అధికారి). ప్రైవేటు కేంద్రమైతే జిల్లా బాలల సంరక్షణ విభాగం, కలెక్టరు. కలెక్టరు, ఎస్.పి. కలిసి కూర్చునే ఉమ్మడి ఫిర్యాదుల విచారణ సాధారణంగా సోమవారాల్లో జరుగుతుంది. ఆన్‌లైన్‌లో ఒడిశా ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ జన శుణాణి ఉంది. ప్రైవేటు డేకేర్లకు దేశమంతటికీ వర్తించే ఒకే లైసెన్సు చట్టం లేదు, అందుకే "దీన్ని చూసేది మేం కాదు" అని ఒకరు ఇంకొకరి మీదికి నెట్టేస్తారు. అర్జీని ఒకేసారి ఇద్దరికీ పంపితే ఆ ఆట సాగదు.

కొట్టడం, కట్టేయడం, చీకటి గదిలో పెట్టడం, నిద్రమందు తాగించడం వేరే లెక్క. పిల్లల సహాయ ఫోను నంబరు 1098కి ఫోను చేయండి, రాత్రీ పగలూ ఉచితం. సరిహద్దు ఊళ్లలో ఫోను అవతలి రాష్ట్రం టవరును పట్టుకోవడం మామూలే కాబట్టి ముందు జిల్లా, రాష్ట్రం పేరు చెప్పండి. జిల్లా బాలల సంక్షేమ సమితికి కూడా ఫిర్యాదు ఇవ్వండి. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉండే ఈ సమితికి మొదటి తరగతి జుడీషియల్ మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. మనవాళ్లు దీన్ని అంతగా వాడుకోరు, వాడుకోవాలి.

6. ఠాణాలో

బాలల న్యాయ చట్టం 2015లోని 75వ సెక్షన్ ప్రకారం, పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవారు బిడ్డపై క్రూరంగా ప్రవర్తిస్తే అయిదేళ్ల వరకు కఠిన జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. వినడానికి గట్టిగానే ఉంది. కాని 2021 సవరణతో ఈ చట్టంలో మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉన్న నేరాల్లో మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని పరిస్థితి వచ్చింది. కాబట్టి మీ ఫిర్యాదు "క్రూరంగా ప్రవర్తించారు" అన్న ఒక్క మాట మీద నిలబడకూడదు. ఎముక విరిగిందా, గదిలో పెట్టి గడియ వేశారా, ప్రాణం మీదికి తెచ్చారా, ప్రతి పనినీ విడివిడిగా రాయండి. వాటికి భారతీయ న్యాయ సంహితలో (పాత ఐ.పి.సి. స్థానంలో వచ్చిన చట్టం) వేరే సెక్షన్లున్నాయి, వాటిలో పోలీసులు నేరుగా కేసు పెట్టగలరు.

ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా ఇవ్వాలి. ఠాణా బాధ్యుడైన ఇన్‌స్పెక్టరు (ఐ.ఐ.సి.) తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్.పి.కి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా జీరో ఎఫ్.ఐ.ఆర్. ఇచ్చే హక్కు 2024 జులై 1 నుంచి చట్టంలోనే ఉంది. పర్లాకిమిడిలో జరిగినదాన్ని పాతపట్నంలోనూ తెలుగులో చెప్పి రాయించవచ్చు. అయినా నా సలహా, మొదట ఘటన జరిగిన చోటి ఠాణాకే వెళ్లండి. జీరో ఎఫ్.ఐ.ఆర్. చివరికి రాష్ట్రం దాటి అక్కడికే బదిలీ కావాలి, ఆ లోపు కెమెరా దృశ్యాలు చెరిగిపోతాయి.

లైంగిక నేరమైతే పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణ కోసం ఉన్న పోక్సో చట్టం 2012 వర్తిస్తుంది. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనో, బిడ్డకు ఇష్టమైన చోటో తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్.ఐ.కి తగ్గని హోదా ఉన్న మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు. బిడ్డకు భాష అర్థం కాకపోతే అనువాదకుణ్ణి ఇవ్వాలి. తెలుగు మాత్రమే వచ్చిన బిడ్డ తరఫున దీన్ని మీరు అడిగి తీసుకోవాలి. జరిగింది తెలిసి కూడా దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు పడవచ్చు.

7. పెద్దమనుషులు వస్తారు

రెండో రోజుకో మూడో రోజుకో ఎవరో ఒకరు వస్తారు. "ఆ అమ్మాయి బీదది, ఉద్యోగం పోతుంది", "మీ బిడ్డ పేరే బయటపడుతుంది", "ఫీజు వెనక్కిస్తారు" అంటారు. ఆయా బీదదే, నిజం. చాలాసార్లు ముప్ఫై మంది పిల్లలను ఒక్కరి మీద వదిలేసిన యజమానిదే అసలు తప్పు, కాబట్టి ఫిర్యాదులో యాజమాన్యం పేరు ముందు ఉండాలి. చదవలేని ఒడియా కాగితం మీద సంతకం పెట్టకండి, అది రాజీ పత్రం కావచ్చు. బిడ్డ పేరును, ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. బాధిత బాలల గుర్తింపును బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం.

అదే కేంద్రంలో పిల్లలున్న మరో నలుగురు తల్లిదండ్రులను విడివిడిగా కలవండి. మీ కథ చెప్పకుండా, వాళ్ల పిల్లలు ఎలా ఉన్నారని అడగండి. ఇద్దరు ఒకే మాట చెబితే మీ అర్జీకి బలం వస్తుంది.

8. కొత్త చోట చేర్చే ముందు

మొదట వంట చేసే చోటు చూడండి. 2004లో కుంభకోణం పాఠశాలలో వంటపాక నిప్పు గదులకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. 2013లో బిహార్‌లోని ఛప్రా దగ్గర మధ్యాహ్న భోజనంలో పురుగుమందు కలిసి 23 మంది పోయారు. రెండూ జులై 16నే. గ్యాస్ సిలిండరు పిల్లల గదికి ఎంత దూరంలో ఉంది, నూనె డబ్బా పక్కన ఏ డబ్బాలున్నాయి, బయటికి రెండో దారి ఉందా అన్నవి మీ కళ్లతో చూసుకోండి. నిండా నీళ్లున్న బకెట్, మూత లేని తొట్టి ఉంటే ఆ చోటు వద్దు. జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు ప్లే స్కూల్లో ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలంటాయి. లెక్కపెట్టుకోండి.

బిడ్డను ఎవరు తీసుకెళ్లవచ్చో పేర్లు, ఫొటోలు రాసివ్వండి. ఆయాకు తెలుగు రాకపోతే మీ బిడ్డ నీళ్లకు, మూత్రానికి, నొప్పికి ఏ మాట వాడుతుందో ఒడియా లిపిలో రాసి గోడకు అంటించమని అడగండి. అంటించడానికి విసుక్కునే కేంద్రమైతే ఫీజు కట్టకముందే ఇంకో చోటు చూసుకోండి.