అమ్మానాన్నలకు స్ట్రీమింగ్ స్టిక్ కొనడం – 2వ పాఠం: ముందు రిమోట్ చూడండి

స్ట్రీమింగ్ స్టిక్ అంటే టీవీకి తగిలించి ఇంటర్నెట్‌లో సినిమాలు, కార్యక్రమాలు చూసే చిన్న పరికరం. పోయిన పాఠంలో టీవీ వెనక్కి వెళ్లి చూశాం. స్టిక్‌ని గుచ్చే హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు ఖాళీగా ఉందా, దాని పక్కన స్టిక్ పట్టేంత చోటుందా, వైఫై అక్కడిదాకా బాగా అందుతోందా, ఈ మూడూ రాసిపెట్టుకోమన్నాను. ఇంకా చూడనివాళ్లు ముందు ఆ పని కానిచ్చి రండి, ఎందుకంటే పోర్టే లేకపోతే ఇవాళ్టి పాఠంతో మీకు పనిలేదు.

ఈ పాఠమంతా రిమోట్ గురించే. కొనేటప్పుడు మనం 4కే ఉందా, స్టోరేజ్ ఎంత, ప్రాసెసర్ కొత్తదేనా అని గంటలు గంటలు పోల్చి చూస్తాం. తీరా తెచ్చి పెట్టాక ఆ స్టిక్ టీవీ వెనకాల వేలాడుతూ ఎవరి కంటికీ కనబడదు, అమ్మ చేతిలో రోజూ ఉండేది రిమోటే, అది ఆవిడ చేతికి అలవాటు పడకపోతే ఎంత ఖరీదైన పరికరమైనా మూలన పడుతుంది.

నేను మా అమ్మకి మొదటిసారి కొన్నప్పుడు ఇదేదీ ఆలోచించలేదు. పెట్టేశాను, లాగిన్ చేశాను, ఒక సినిమా ఆన్ చేసి చూపించి వచ్చేశాను. మర్నాడు రాత్రి ఫోన్. "టీవీ పాడైపోయినట్టుందిరా, తెరంతా నీలంగా వచ్చి నో సిగ్నల్ అంటోంది." టీవీకి ఏమీ కాలేదు, టీవీ రిమోట్‌లో, బొమ్మ ఏ పోర్టు నుంచి రావాలో మార్చే సోర్స్ బటన్ మీద పొరపాటున వేలు పడిందంతే. కానీ ఆ ముక్క ఫోన్‌లో కనిపెట్టడానికి అరగంట పట్టింది, ఆవిడ ముందు మూడు రిమోట్లున్నాయి, నేను చెప్పే బటన్ ఏ రిమోట్‌లో ఉందో ఆవిడకి తెలియడం లేదు. చివరికి "వద్దులే, నాకు మామూలు ఛానెళ్లు చాలు" అని పెట్టేసింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే అందులో ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడ టీవీ ఎలా చూస్తుందో ఒక్కసారి కూడా గమనించకుండా కొన్నది నేను.

అందుకని మొదటి అభ్యాసం ఇది. ఒక సాయంత్రం వాళ్ల పక్కన కూర్చోండి, సలహాలు ఇవ్వకండి, రిమోట్ అందుకోకండి, వాళ్ల చేతి వంక చూడండి. టీవీ ఆన్ చేసిన దగ్గర్నుంచి కావలసింది మొదలయ్యేదాకా ఎన్ని రిమోట్లు పట్టుకున్నారు, ఎన్ని బటన్లు నొక్కారు, కళ్లజోడు పెట్టుకుని రిమోట్ చదివారా లేక వేలితో తడిమి నొక్కారా, అన్నీ కాగితం మీద రాయండి.

నేను అలా కూర్చున్న రోజు చూసిందేమిటంటే, మా అమ్మ అసలు రిమోట్ వంక చూడనే చూడదు. బొటనవేలితో తడుముతుంది, 5 అంకె మీద చిన్న గుబ్బలాంటిది ఉంటుంది చూశారా, అది తగలగానే అక్కడి నుంచి పైకీ కిందికీ జరిపి తనకి కావలసిన ఛానెల్ నంబరు కొట్టేస్తుంది. మరి స్ట్రీమింగ్ రిమోట్లలో మామూలుగా అంకెలే ఉండవు! పైకి, కిందికి, పక్కలకి జరిగే రింగు, మధ్యలో ఓకే, వెనక్కి, హోమ్, అంతే. అన్నేళ్లుగా అంకెలు కొట్టిన వేలికి అక్కడ దారి దొరకలేదు. ఇది తెలిసిన తర్వాత నేను వెతికే తీరే మారిపోయింది. వాళ్లు తడిమి నొక్కేవాళ్లయితే బటన్లు ఉబ్బెత్తుగా, ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఉన్న రిమోట్ చూడండి. చదివి నొక్కేవాళ్లయితే గుర్తులు పెద్దవిగా, నలుపు మీద తెలుపులా స్పష్టంగా ఉన్నవి చూడండి.

కంపెనీలకి కూడా ఈ సంగతి నెమ్మదిగానే తెలిసొచ్చింది. 2013లో గూగుల్ క్రోమ్‌కాస్ట్ తెచ్చినప్పుడు దానికి రిమోటే లేదు, అన్నీ ఫోన్ నుంచే పంపాలి, 2020లో గూగుల్ టీవీతో వచ్చిన క్రోమ్‌కాస్ట్‌కి గానీ రిమోట్ రాలేదు. కాబట్టి ఇంట్లో ఖాళీగా పడున్న పాత క్రోమ్‌కాస్ట్ నాన్నకి ఇచ్చేద్దాం అనుకుంటుంటే వద్దు, సినిమా చూడాలన్న ప్రతిసారీ ఆయన ఫోన్ వెతుక్కోవాలి. అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ 2014లోనే రిమోట్‌తో వచ్చింది, అయితే దాని మీద సౌండ్ బటన్లు లేవు, అవి 2018 చివర్లో 4కే స్టిక్‌తో వచ్చాయి. ఆపిల్ టీవీకి 2015లో ఇచ్చిన రిమోట్ పైనా కిందా ఒకేలా ఉండి చీకట్లో తలకిందులుగా పట్టుకునేవాళ్లు, 2021లో దాన్ని మార్చి గుండ్రటి రింగు పెట్టారు. పాత మోడల్ తక్కువకి దొరుకుతోందని తీసుకునే ముందు దాని రిమోట్ ఏదో తప్పకుండా చూడండి.

సౌండ్ బటన్లు, టీవీని ఆన్ ఆఫ్ చేసే బటన్ రిమోట్ మీదే ఉండాలి, ఈ విషయంలో నేను రాజీపడను. అవి లేకపోతే సౌండ్ కోసం రెండో రిమోట్ పట్టుకోవాలి, పట్టుకుంటే మళ్లీ సోర్స్ మీద వేలు పడుతుంది, మళ్లీ నీలం తెర. ఇంకో చిన్న సంగతి, ఇలాంటి చాలా రిమోట్లు స్టిక్‌తో బ్లూటూత్‌లో మాట్లాడతాయి, అందుకే స్టిక్ టీవీ వెనక దాగినా పనిచేస్తాయి, సౌండ్ మాత్రం ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్‌లో నేరుగా టీవీకి వెళుతుంది. అంటే సౌండ్ పెంచేటప్పుడు రిమోట్‌ని టీవీ వైపు తిప్పాలి. ఇది చెప్పకపోతే "ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు" అని వాళ్లు టెన్షన్ పడతారు.

నీలం తెరకి అసలు మందు సీఈసీ. హెచ్‌డీఎమ్‌ఐ తీగ గుండా పరికరాలు ఒకదాన్నొకటి నిద్రలేపే ఏర్పాటు ఇది, స్టిక్ రిమోట్‌లో హోమ్ నొక్కగానే టీవీ దానంతటదే ఆన్ అయి సరైన పోర్టుకి మారిపోతుంది. చిక్కేమిటంటే టీవీ సెట్టింగ్స్‌లో ఒక్కో కంపెనీ దీన్ని ఒక్కో పేరుతో పెట్టింది, శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఆ పేరు వెతికి ఆన్ చేయండి, స్టిక్ సెట్టింగ్స్‌లో కూడా ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇప్పుడు మా అమ్మకి నేను చెప్పింది ఒక్కటే మాట, "ఏమైనా సరే, ఇల్లు బొమ్మ నొక్కు." నీలం తెర వచ్చినా అదే, ఏదో తెలియని యాప్ తెరుచుకున్నా అదే.

తెలియని యాప్ అంటే గుర్తొచ్చింది, చాలా రిమోట్ల కింద భాగంలో రంగురంగుల యాప్ బటన్లుంటాయి. వాటిలో మీరు డబ్బు కట్టనివి కూడా ఉండొచ్చు, నొక్కితే కార్డు వివరాలు అడిగే పేజీ వస్తుంది, పెద్దవాళ్లు హడలిపోతారు. కొనుగోళ్లకి పిన్ పెట్టేయండి.

బ్యాటరీలా, చార్జింగా? నా ఓటు మార్చుకునే బ్యాటరీలకే, చార్జింగ్ పెట్టడం ఇంకో గుర్తుపెట్టుకోవలసిన పని అవుతుంది. రిమోట్ తరచూ ఎక్కడో పెట్టి మరచిపోయే ఇంట్లో అయితే దాన్ని మోగించే సదుపాయం ఉన్నది చూడండి, 2024లో వచ్చిన గూగుల్ టీవీ స్ట్రీమర్ వెనక అందుకోసమే ఒక బటన్ ఉంది.

వచ్చే పాఠానికి రెండు పనులు. మీరు రాసిన కాగితం ముందు పెట్టుకుని, మీకు నచ్చిన రెండు మోడళ్ల రిమోట్ ఫొటోలు తీసుకుని, సినిమా మొదలవడానికి ఎన్ని నొక్కులు పడతాయో లెక్కపెట్టండి. రెండోది, మీ అమ్మగారో నాన్నగారో టీవీకి ఎంత దూరంలో కూర్చుంటారో కొలిచి పెట్టుకోండి. మూడో పాఠంలో తెర మీద అక్షరాల సైజు, సబ్‌టైటిల్స్, స్పష్టంగా వినబడని మాటల సంగతి చూద్దాం, దానికి ఆ కొలత కావాలి.