ఫ్యామిలీ పెన్షన్‌కు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలి? పెన్షన్ ఆగిపోతే ఏం చేయాలి?

భర్త పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ కొనసాగాలంటే ఆమె బతికే ఉన్నట్టు ఏటా ఒకసారి రుజువు ఇవ్వాలి. అదే లైఫ్ సర్టిఫికెట్. ఇది అందకపోతే పెన్షన్ రద్దు కాదు, ఆగుతుంది. సర్టిఫికెట్ అందాక ఆగిన నెలల డబ్బు కూడా వస్తుంది. ముందు ఈ సంగతి ఇంట్లో పెద్దావిడకు నెమ్మదిగా చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

చాలా ఇళ్లలో పెన్షన్ కాగితాలన్నీ ఆయనే చూసుకునేవారు. ఆయన పోయాక ఆవిడకు ఏ ఆఫీసు ఏమిటో, ఏ నంబరు దేనిదో తెలియదు. పైగా బతికున్నానని ప్రతి ఏడాదీ ఒక యంత్రం ముందు కూర్చుని నిరూపించుకోవాల్సి రావడం కష్టంగా ఉంటుంది. కాబట్టి ఈ పని కొడుకో కూతురో మనవడో దగ్గరుండి చేయించాలని నా గట్టి అభిప్రాయం. ఈ వ్యాసం కూడా ముఖ్యంగా వాళ్ల కోసమే.

ఒక స్పష్టత: ఇది ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా, తెలంగాణలో చేయూత కింద ఇచ్చే పెన్షన్ల గురించి కాదు. ఉద్యోగం చేసినవాళ్ల కుటుంబానికి వచ్చే పెన్షన్ గురించి.

1. మీది ఏ పెన్షనో తేల్చుకోండి

గందరగోళం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. పక్కింటావిడ నవంబర్‌లో ఇచ్చారని మనమూ అప్పుడే ఇవ్వాలని లేదు.

కేంద్ర ప్రభుత్వ పెన్షన్ అయితే నవంబర్ 1 నుంచి 30 లోపు ఇవ్వాలి. 80 ఏళ్లు నిండినవాళ్లు అక్టోబర్ 1 నుంచే ఇవ్వవచ్చు. ఆ గడువు దాటితే డిసెంబర్ పెన్షన్ నుంచి ఆగుతుంది.

ప్రైవేటు కంపెనీ, ఫ్యాక్టరీ ఉద్యోగుల పీఎఫ్ పెన్షన్, అంటే ఈపీఎస్-95 అయితే నవంబర్ నియమం లేదు. ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. నిరుడు జూన్ 12న ఇచ్చి ఉంటే ఈ ఏడాది జూన్ 12 లోపే మళ్లీ ఇవ్వాలి. నవంబర్‌లో ఇద్దాంలే అని ఆగితే మధ్యలో పెన్షన్ పడదు.

రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్ ట్రెజరీ ద్వారా వస్తుంది. దాని గడువు, పద్ధతి వేరు, రెండు రాష్ట్రాల్లో ఒకేలా ఉండవు. మీ పెన్షన్ ఏ సబ్ ట్రెజరీ కింద ఉందో ఆ ఎస్‌టీవో ఆఫీసులో అడిగి తేదీ రాసుకోండి.

మిలటరీ ఫ్యామిలీ పెన్షన్ చాలావరకు స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థకు మారింది. పశ్చిమ గోదావరిలోని మాధవరం లాగా ఇంటికో సైనికుడు ఉన్న ఊళ్లలో ఇది చాలామందికి అవసరమైన విషయం. స్పర్శ్‌కు మారాక బ్యాంకు బ్రాంచిలో కాగితం ఇచ్చి వస్తే సరిపోదు, సర్టిఫికెట్ స్పర్శ్‌లోనే నమోదవ్వాలి.

ఇంకో సంగతి. ఆవిడ కూడా ఉద్యోగం చేసి రిటైరై ఉంటే ఆమె సొంత పెన్షన్ ఒకటి, భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్ ఒకటి ఉంటాయి. పీపీవోలు, అంటే పెన్షన్ చెల్లింపు ఆదేశాలు, రెండు కాబట్టి సర్టిఫికెట్లూ రెండు ఇవ్వాలి. ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే రెండోది ఆగుతుంది.

2. ఒక ఫైలు పెట్టండి

అందులో ఉండాల్సినవి: పీపీవో కాపీ, పెన్షన్ పడే బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఆధార్, పాన్, భర్త మరణ ధ్రువీకరణ పత్రం, నిరుటి లైఫ్ సర్టిఫికెట్ రసీదు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఏదో కూడా ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ నంబరు పోయిన ఆయనదే అయి, ఆ సిమ్ ఇప్పుడు పనిచేయకపోతే ముందు ఆధార్ సెంటర్‌లో మార్పించండి.

తర్వాత పేరు చూడండి. పీపీవోలో ‘కె. వెంకట లక్ష్మి’, ఆధార్‌లో ‘కొల్లి వెంకటలక్ష్మమ్మ’, బ్యాంకులో ‘వి. లక్ష్మి’ అని ఉంటే అది ఎప్పుడో ఒకప్పుడు అడ్డం వస్తుంది. మన ఇంటిపేర్లు, పొడి అక్షరాలు, ‘అమ్మ’ చేర్చడాలు ఊళ్లో ఎవరికీ ఇబ్బంది కావు. కంప్యూటర్‌కు మాత్రం వాళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. పుట్టిన తేదీలోనూ ఇలాంటి తేడాలే ఉంటాయి. సరిచేయించడానికి సమయం పడుతుంది, అందుకని గడువుకు కనీసం రెండు నెలల ముందే మొదలుపెట్టండి.

3. సర్టిఫికెట్ ఇచ్చే దారులు

డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, అంటే జీవన్ ప్రమాణ్, 2014 నవంబర్‌లో వచ్చింది. మొదట్లో వేలిముద్ర లేదా కంటిపాప మాత్రమే ఉండేవి. పొలం పనులు, ఇంటి పనులు చేసి అరిగిపోయిన వేళ్లకు ఆ యంత్రం స్పందించక పెద్దవాళ్లు చాలా అవస్థ పడ్డారు. 2021 నవంబర్ నుంచి ముఖం చూపించి ఫోన్‌లోనే చేసే పద్ధతి వచ్చింది. నన్నడిగితే ముందు దాన్నే ప్రయత్నించండి.

ఫోన్‌లో రెండు యాప్‌లు కావాలి: ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్. ముందు మీరు ఆపరేటర్‌గా మీ ఆధార్‌తో నమోదవ్వాలి, మీ ముఖం స్కాన్ చేయాలి. తర్వాత అమ్మగారి వివరాలు ఇచ్చి ఆవిడ ముఖం స్కాన్ చేయాలి. పగటి వెలుతురులో, వెనక ఖాళీ గోడ ఉండేలా, కళ్లద్దాలు తీసి కూర్చోబెట్టండి. రెప్ప వేయమని అడిగినప్పుడు వేస్తే చాలు.

వివరాలు నింపేటప్పుడు నాలుగు చోట్ల జాగ్రత్త పడాలి. పెన్షన్ రకం దగ్గర ‘సర్వీస్’ కాదు, ‘ఫ్యామిలీ’ ఎంచుకోవాలి. పెన్షన్ మంజూరు చేసిన సంస్థ, చెల్లించే సంస్థ అని రెండు వేర్వేరుగా అడుగుతుంది. స్పర్శ్ వాళ్లు చెల్లించే సంస్థ దగ్గర బ్యాంకు పేరు పెట్టకూడదు, స్పర్శ్ అనే పెట్టాలి. పీపీవో నంబరు, ఖాతా నంబరు ఒక్కో అంకె చూసి కొట్టండి. చివరగా, మళ్లీ ఉద్యోగంలో చేరారా, మళ్లీ పెళ్లి చేసుకున్నారా అన్న ప్రశ్నలకు చూడకుండా ‘అవును’ నొక్కేయకండి. అలా నొక్కితే డిజిటల్ దారే మూసుకుపోతుంది. నిజంగానే అలాంటి పరిస్థితి ఉంటే నేరుగా బ్యాంకుకు వెళ్లి చెప్పాలి.

ఫోన్‌తో కాకపోతే బ్యాంకు, పోస్టాఫీసు, కామన్ సర్వీస్ సెంటర్ (సీఎస్‌సీ) ఉన్నాయి. మంచం దిగలేని స్థితిలో ఉంటే పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేస్తారు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ఈ సేవకు మామూలుగా 70 రూపాయలు తీసుకుంటుంది. బ్యాంకు ద్వారా కేంద్ర పెన్షన్ తీసుకునేవాళ్లు కాగితం ఫారం కూడా ఇవ్వవచ్చు. మీ బ్యాంకుకు చెందిన ఏ బ్రాంచిలోనైనా తీసుకోవాలి. తీసుకున్నట్టు సంతకంతో రసీదు ఇవ్వడం తప్పనిసరి అని రిజర్వ్ బ్యాంక్ ఆదేశం ఉంది. ‘ఏం పర్లేదమ్మా, వెళ్లండి’ అన్నా సరే, రసీదు లేకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.

4. ప్రమాణ్ ఐడీ వచ్చాక అసలు పని

ఇది ఎక్కువమంది వదిలేసే మెట్టు. ముఖం స్కాన్ అయ్యాక ఫోన్‌కు ప్రమాణ్ ఐడీ మెసేజ్ వస్తుంది. పని అయిపోయిందనుకుని అందరూ హాయిగా ఉంటారు. నిజానికి మీరు సర్టిఫికెట్ తయారుచేశారు, అంతే. దాన్ని పెన్షన్ చెల్లించే సంస్థ తన రికార్డుతో సరిపోల్చి ఒప్పుకోవాలి. పీపీవో నంబరు తప్పైతేనో, సంస్థ పేరు తప్పుగా ఎంచుకుంటేనో తిరస్కరించవచ్చు. ఆ సమాచారం మీరిచ్చిన ఫోన్ నంబరుకే వస్తుంది, ఆ నంబరు ఎవరూ చూడనిదైతే తెలిసేసరికి పెన్షన్ ఆగి ఉంటుంది.

కాబట్టి ప్రమాణ్ ఐడీ వచ్చిన వారం పది రోజులకు జీవన్ ప్రమాణ్ వెబ్‌సైట్‌లో సర్టిఫికెట్ పరిస్థితి చూడండి. ఆ తర్వాత బ్యాంకుకు వెళ్లి ఇలా అడగండి: “సార్, మా అమ్మగారి లైఫ్ సర్టిఫికెట్ మీ పెన్షన్ సిస్టమ్‌లో అప్‌డేట్ అయిందా? ఏ తేదీ చూపిస్తోంది?” ఉత్తినే ‘అయిందా’ అంటే ‘అయింది’ అంటారు. తేదీ అడిగితే స్క్రీన్ చూసి చెప్పాల్సి వస్తుంది.

బ్రాంచిలో ఉన్న ఉద్యోగి మీద కోపం తెచ్చుకునే ముందు ఒకటి తెలుసుకోండి. పెన్షన్ లెక్కలు వేసేది, ఆపేది, మళ్లీ మొదలుపెట్టేది బ్యాంకు సీపీపీసీ, అంటే కేంద్ర పెన్షన్ విభాగం. బ్రాంచి అక్కడికి పంపుతుంది, అంతే. ‘మా దగ్గర ఏమీ లేదు’ అని చెబితే సీపీపీసీ ఫోన్ నంబరు, ఈమెయిల్ అడిగి తీసుకోండి. పీఎఫ్ పెన్షన్ అయితే 2025 జనవరి నుంచి చెల్లింపులు కేంద్రీకృత వ్యవస్థ ద్వారా జరుగుతున్నాయి కాబట్టి బ్యాంకు కంటే పీఎఫ్ ఆఫీసే సరైన చోటు.

5. డబ్బు పడకపోతే, లేదా తగ్గితే

ఈ రెండూ వేర్వేరు. పూర్తిగా ఆగితే చాలాసార్లు లైఫ్ సర్టిఫికెట్టే కారణం. ముందు అది ఎక్కడుందో పైన చెప్పినట్టు కనుక్కోండి, తిరస్కరించి ఉంటే తప్పు సరిదిద్ది కొత్తది చేయండి.

తగ్గి వస్తుంటే మళ్లీ మళ్లీ సర్టిఫికెట్లు ఇచ్చి ప్రయోజనం లేదు. కేంద్ర పెన్షన్‌లో మొదటి కొన్నేళ్లు ఎక్కువ రేటు, చివరి జీతంలో 50 శాతం వరకు ఉంటుంది. ఆ తర్వాత 30 శాతానికి దిగుతుంది. రిటైరయ్యాక చనిపోతే ఆ ఎక్కువ రేటు ఏడేళ్లు, లేదా ఆయనకు 67 ఏళ్లు నిండే రోజు వరకు, ఏది ముందైతే అది. సర్వీసులో ఉండగా చనిపోతే పదేళ్లు. ఈ తేదీ పీపీవోలోనే రాసి ఉంటుంది. ఎవరో ఏదో చేసి డబ్బు తగ్గించారని నెలల తరబడి మథనపడే తల్లులకు ఈ ఒక్క లైను చూపిస్తే మనసు కుదుటపడుతుంది. అదేవిధంగా ఫ్యామిలీ పెన్షనర్‌కు 80 ఏళ్లు నిండితే 20 శాతం అదనంగా రావాలి. రాకపోతే వయసు రుజువుతో అడగండి.

6. రాసి అడగండి

రెండుసార్లు నోటితో అడిగాక కూడా కదలకపోతే కాగితం మీద పెట్టండి. పెద్దగా అక్కర్లేదు, ఇలా రాస్తే చాలు:

“గౌరవనీయులైన మేనేజర్ గారికి, నా ఫ్యామిలీ పెన్షన్ పీపీవో నంబరు ఫలానా, ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీన లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చాను. ప్రమాణ్ ఐడీ ఫలానా. ఫలానా నెల నుంచి పెన్షన్ జమ కాలేదు. కారణం రాతపూర్వకంగా తెలిపి, బకాయితో సహా జమ చేయించగలరు.”

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. బ్యాంకుకు రాసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. కేంద్ర పెన్షనర్లకు సీపెన్‌గ్రామ్స్, పీఎఫ్ వాళ్లకు ఈపీఎఫ్‌ఐజీఎంఎస్ అనే ఫిర్యాదు పోర్టళ్లు ఉన్నాయి. ఫిర్యాదు నంబరు ఫైలులో రాసి పెట్టండి.

ప్రభుత్వ పెన్షన్ గానీ బకాయి గానీ బ్యాంకు తన వైపు నుంచి ఆలస్యంగా జమ చేస్తే, ఆలస్యమైన కాలానికి ఏడాదికి 8 శాతం చొప్పున వడ్డీ కూడా ఇవ్వాలి. మనం అడగకుండానే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. రాకపోతే ఉత్తరంలో ఒక వాక్యం చేర్చండి. మనకు న్యాయంగా రావాల్సిన డబ్బే కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

7. అమ్మగారు అమెరికాలో ఉంటే

పిల్లల దగ్గరికి వెళ్లి నవంబర్‌కు అక్కడే ఉండిపోయేవాళ్లు మనలో చాలామంది. అక్కడి భారత కాన్సులేట్‌లో లైఫ్ సర్టిఫికెట్ మీద సంతకం చేయించి బ్యాంకుకు పంపవచ్చు. ముందుగా బ్యాంకుకు ఈమెయిల్ చేసి ఏ రూపంలో పంపాలో అడగండి. పీఎఫ్ పెన్షన్ వాళ్లకు ఇంకా తేలిక, విమానం ఎక్కే ముందే కొత్త సర్టిఫికెట్ ఇచ్చేస్తే ఏడాది పాటు దిగులుండదు. ఇక్కడి సిమ్ అక్కడ పనిచేసేలా రోమింగ్ మాత్రం పెట్టించండి, లేకపోతే ఓటీపీలు రావు.

ఓటీపీ అనగానే చెప్పాల్సిన మాట ఒకటుంది. ‘మీ లైఫ్ సర్టిఫికెట్ మేమే చేసేస్తాం, పీపీవో నంబరు, ఓటీపీ చెప్పండమ్మా’ అని ఫోన్ వస్తే అది మోసం. ఏ ఆఫీసూ అలా ఫోన్‌లో ఓటీపీ అడగదు. పెన్షన్ ఆగిందన్న కంగారులో ఉన్నవాళ్లే ఎక్కువగా మోసపోతారు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి మీకు చెప్పమని అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.