ఇంట్లో చేసిన ఆర్కేడ్ కంట్రోల్స్ కంప్యూటర్‌లో సరిగా పనిచేయకపోతే

పెట్టెకు బటన్లు, జాయ్‌స్టిక్ బిగించి, వైర్లు ఎన్‌కోడర్ బోర్డుకు (బటన్ నొక్కులను కంప్యూటర్‌కు చేరవేసే చిన్న సర్క్యూట్) కలిపి, యూఎస్‌బీ పెట్టాక వచ్చే తంటాల గురించి ఇది. వైరు తొడుగు తీయడం, కనెక్టర్ నొక్కడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

అన్నిటికన్నా ముందు

ఆట మూసేయండి. విండోస్ సెర్చ్‌లో ‘సెటప్ యూఎస్‌బీ గేమ్ కంట్రోలర్స్’ అని వెతికి, మీ బోర్డు పేరు ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో టెస్ట్ పేజీ తెరవండి. లినక్స్ అయితే జేఎస్‌టెస్ట్ అనే ప్రోగ్రామ్ ఉంది. మీ ఎన్‌కోడర్ కీబోర్డులా పనిచేసే రకమైతే నోట్‌ప్యాడ్ చాలు. ఇప్పుడు ఒక్కో బటన్ నొక్కి చూడండి.

దయచేసి దీన్ని దాటేయకండి. బటన్ పలకడం లేదని ఎమ్యులేటర్ (పాత ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామ్) సెట్టింగుల్లో గంటలు పోగొట్టుకున్నవాళ్లను, మంచి బోర్డు పక్కన పడేసి కొత్తది కొన్నవాళ్లను ఎంతమందినో చూశాను. టెస్ట్ పేజీలో బటన్ వెలిగితే మీ వైరింగ్ బాగున్నట్టే, తప్పు ఆట సెట్టింగుల్లో ఉంది. అక్కడ వెలగకపోతే ఆట సెట్టింగులు ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం లేదు.

వెలగలేదు అనుకుందాం. ఆ బటన్ వైర్లు బోర్డు నుంచి తీసి, బోర్డు మీద ఆ బటన్‌కు సంబంధించిన పిన్నును, గ్రౌండ్ పిన్నును (అన్ని బటన్లకూ ఉమ్మడి తిరుగుదారి) చిన్న వైరు ముక్కతో కలపండి. 5 వోల్టులు అని రాసి ఉన్న పిన్ను జోలికి మాత్రం పోవద్దు. ఇలా కలిపితే వెలిగిందంటే బోర్డు, కేబుల్, కంప్యూటర్ మూడూ బాగున్నాయి. ఇక వెతకాల్సింది వైర్లలో, స్విచ్‌లలోనే.

కంప్యూటర్ బోర్డును గుర్తించడమే లేదు

కేబుల్ మార్చండి. బోర్డు మీద లైటు వెలుగుతోంది కదా, కేబుల్ బాగానే ఉందనుకుంటారు. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్లో కరెంటు వైర్లు ఉంటాయి, డేటా వైర్లు ఉండవు. లైటు వెలగడానికి కరెంటు చాలు. ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఫోటోలు ఎక్కించుకున్న కేబుల్ ఏదైనా ఉంటే దానితో ప్రయత్నించండి.

సొంతంగా ప్రోగ్రామ్ రాసుకునేవాళ్లకు ఒక మాట: ఆర్డ్యుయినో యూనో బోర్డుల్లో ఆర్3, అంతకన్నా పాతవి నేరుగా కీబోర్డులా, జాయ్‌స్టిక్‌లా కనిపించవు. లియోనార్డో, ప్రో మైక్రో, పికో వంటి బోర్డులు కావాలి.

బటన్ ఎప్పుడూ నొక్కే ఉన్నట్టు చూపిస్తోంది

బటన్ అడుగున ఉండే మైక్రోస్విచ్‌కు మూడు కాళ్లుంటాయి: కామన్, ఎన్‌ఓ (నొక్కితే కలిసేది), ఎన్‌సీ (నొక్కనప్పుడు కలిసి ఉండేది). మీరు ఎన్‌సీకి కలిపారు. ఎన్‌ఓకి మార్చండి.

నొక్కకుండానే, చెయ్యి దగ్గరికి వెళ్తేనే బటన్లు వాటంతటవే పలుకుతుంటే అది వేరే సంగతి. మీ ప్రోగ్రామ్‌లో ఆ పిన్నుకు పుల్-అప్ (బటన్ నొక్కనప్పుడు పిన్నును స్థిరంగా ఉంచే రెసిస్టర్) పెట్టలేదు. లియోనార్డోలో పిన్ మోడ్ దగ్గర ఇన్‌పుట్ పుల్-అప్ అని మారిస్తే సరిపోతుంది.

కొన్ని బటన్లు ఒకేసారి పనిచేయడం మానేస్తున్నాయి, మళ్లీ వస్తున్నాయి

అందరినీ ఏడిపించేది ఇదే. నన్నూ ఏడిపించింది, అందుకే వివరంగా చెబుతాను.

మూత తెరిచి ఉన్నప్పుడు అన్నీ పనిచేస్తాయి. మూత వేసి స్క్రూలు బిగించాక నాలుగైదు బటన్లు ఒకేసారి పోతాయి. పెట్టె మీద గట్టిగా తడితే తిరిగొస్తాయి. పది నిమిషాలు ఆడాక మళ్లీ అదే కథ.

కారణం గ్రౌండ్ వైరు. ప్రతి బటన్‌కూ విడిగా రెండు వైర్లు వచ్చే బోర్డుల్లో ఈ బాధ తక్కువ. గ్రౌండ్ పిన్నులు తక్కువగా ఉండే బోర్డులతో చేసుకుంటే మాత్రం ఒకే నల్ల వైరును మొదటి బటన్ నుంచి రెండోదానికి, అక్కణ్ణించి మూడోదానికి గొలుసులా తీసుకెళ్తాం. మధ్యలో ఒక్కచోట లూజ్ కాంటాక్ట్ వచ్చినా ఆ తర్వాతి బటన్లన్నీ పోతాయి. కాబట్టి ఒక్క బటన్ పోతే ఆ బటన్‌ను అనుమానించండి. కట్టగట్టుకుని పోతే గ్రౌండ్‌ను అనుమానించండి.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, ఊడబోతున్న కాంటాక్ట్ కూడా మంచిదానిలాగే పనిచేస్తుంది. బోర్డు లోపలి పుల్-అప్ రెసిస్టర్ విలువ ఎక్కువ; లియోనార్డో చిప్‌లో అది 20 నుంచి 50 కిలో ఓమ్‌లు. అంత రెసిస్టర్ ముందు వైరులో పది ఓమ్‌లు పెరిగినా బోర్డుకు తేడా తెలియదు. ఒక్క రాగి పోగు తగులుతున్నా బటన్ చక్కగా పలుకుతుంది, ఆ పోగు కదిలిన క్షణం పూర్తిగా పోతుంది. మల్టీమీటర్ కూడా మనల్ని కాపాడదు. పోగు తగులుతున్నంతసేపూ బీప్ అంటూనే ఉంటుంది.

నేను చేసిన ఒక ఇద్దరాడే పెట్టెలో బోర్డు మార్చాను, ఎమ్యులేటర్ తీసేసి మళ్లీ ఎక్కించాను, నాలుగు మైక్రోస్విచ్‌లు కొత్తవి వేశాను. మీటరు పెట్టిన ప్రతిచోటా బీప్ వచ్చింది. చివరికి విసిగిపోయి స్పేడ్ కనెక్టర్లను (స్విచ్ కాలికి తొడిగే లోహపు ముక్కలు) ఒక్కొక్కటే వేళ్లతో పట్టి వైరును లాగుతూ పోతే, నాలుగో దాని నుంచి వైరు ఊడి చేతికొచ్చింది. లైటు కింద పెట్టి చూశాను. ప్లయర్ నొక్కు రాగి మీద పడలేదు, నల్ల తొడుగు మీద పడింది. తొడుగు మీద ఆ నొక్కు గుంట స్పష్టంగా కనిపిస్తోంది. రెండు మూడు పోగులు మాత్రం వెనక్కి మడతపడి లోహాన్ని తాకుతూ ఉన్నాయి, ఇన్నాళ్లూ పనిచేసింది వాటివల్లే. కనెక్టర్ ఎర్ర ప్లాస్టిక్ తొడుగు ఇదంతా కప్పేసింది కాబట్టి బయటికి పక్కదానికీ దీనికీ తేడా కనిపించలేదు.

అప్పటి నుంచి నేను వెతికే పద్ధతి ఇది. గొలుసులో చివరి బటన్‌ను నొక్కిపెట్టి పైన టేపు అంటిస్తాను. టెస్ట్ పేజీలో ఆ బటన్ వెలుగుతూనే ఉంటుంది. ఇప్పుడు బోర్డు దగ్గర మొదలుపెట్టి నల్ల వైరు మీది కనెక్టర్లను ఒక్కొక్కటే అటూ ఇటూ కదుపుతూ, కన్ను స్క్రీన్ మీదే ఉంచుతాను. ఎక్కడ కదిపితే లైటు రెపరెపలాడిందో జబ్బు అక్కడే. ఆ బటన్ సిగ్నల్ వైరును మాత్రం ముట్టుకోకూడదు, లేకపోతే ఏది కదిలి ఆరిందో తెలియదు.

కొన్ని పూర్తిగా పోయి అలాగే ఉండిపోతే ఇంకా తేలిక. గొలుసు ఏ బటన్ నుంచి ఏ బటన్‌కు వెళ్లిందో కాగితం మీద గీసుకోండి. బటన్ నంబర్ల వరస కాదు, వైరు నడిచిన వరస. బతికున్న చివరిదానికీ, పోయిన మొదటిదానికీ మధ్యలోనే తప్పుంది. ఆ వైరు రెండు చివరల్లో ఏదో ఒకటి ఊడింది. కనెక్టర్ స్విచ్ కాలి నుంచి జారిపోతే మాత్రం ఆ ఒక్క బటనే పోతుంది, రెండు వైర్లూ కనెక్టర్‌లో కలిసే ఉంటాయి కాబట్టి మిగతావి బతికే ఉంటాయి.

బాగుచేసేటప్పుడు పాత కనెక్టర్‌ను మళ్లీ నొక్కకండి, కత్తిరించి కొత్తది వేయండి. వైరు తొడుగు ఒక 6 మిల్లీమీటర్లు తీయండి. వచ్చే వైరు, వెళ్లే వైరు పోగులను కలిపి మెలిపెట్టి లోపలికి తోయండి. ఎర్ర తొడుగు కనెక్టర్లు 22 నుంచి 16 గేజ్ వైర్లకు. అంతకన్నా సన్నని వైరైతే పోగులను రెండుగా మడిచి పెట్టాలి, లేదా టంకం వేయాలి. నొక్కాక ప్రతి వైరునూ గట్టిగా లాగి చూడండి. ఊడేదేదో ఇప్పుడే ఊడాలి. కనెక్టర్ సైజు కూడా చూసుకోండి: స్విచ్ కాళ్లు కొన్నిటికి 4.8 మిల్లీమీటర్లు, కొన్నిటికి 2.8. పెద్ద కనెక్టర్ చిన్న కాలి మీద ఎక్కినట్టే ఉంటుంది, ఆటలో జారిపోతుంది.

ఇంత చేశాక గొలుసు చివరి బటన్ నుంచి ఒక వైరు తిరిగి బోర్డు గ్రౌండ్‌కు తెచ్చి కలపండి. అది వలయం అవుతుంది, ఇకపై ఒకచోట తెగినా అన్ని బటన్లకూ రెండో వైపు నుంచి గ్రౌండ్ అందుతుంది. తప్పు వెతక్కుండానే ఈ వైరు వేయకండి, ఉన్న తప్పు దాక్కుంటుంది. మూత దగ్గర వైర్లను బిగుతుగా లాగకుండా కాస్త వదులు ఉంచి, కట్టను చెక్కకు అతికించండి.

జాయ్‌స్టిక్ పైకి తోస్తే కిందికి వెళ్తోంది

కర్రను పైకి తోస్తే దాని అడుగు కిందివైపుకు కదిలి అక్కడి స్విచ్‌ను నొక్కుతుంది. ‘పైకి’ వైరు కిందివైపు స్విచ్‌కు వెళ్లాలి. ఎడమ, కుడి కూడా అంతే. అన్నీ తిరగబడితే జాయ్‌స్టిక్‌నే 180 డిగ్రీలు తిప్పి బిగించండి.

మూడు బటన్లు నొక్కితే నొక్కని నాలుగోది పలుకుతోంది

పాత కీబోర్డు సర్క్యూట్ విప్పి వాడారు కదా? అది అడ్డం, నిలువు వరసల మ్యాట్రిక్స్. చతురస్రంలో మూడు మూలలు నొక్కితే నాలుగోది కూడా కలిసినట్టే బోర్డుకు కనిపిస్తుంది. ప్రతి స్విచ్‌కూ ఒక 1ఎన్4148 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) వేస్తే ఈ సమస్య పోతుంది. నన్నడిగితే కీబోర్డు పక్కన పెట్టి ఎన్‌కోడర్ బోర్డు కొనుక్కోండి.

ఎప్పుడో ఒకసారి వచ్చేవి

పట్టి ఉంచిన బటన్ అదేపనిగా టకటకా నొక్కినట్టు వస్తే, బోర్డు మీద టర్బో ఆన్ అయి ఉంటుంది. జాయ్‌స్టిక్ టెస్ట్ పేజీలో కదులుతున్నా ఆటలో పట్టకపోతే, మోడ్ బటన్ ఉన్న బోర్డుల్లో దాన్ని ఒకసారి నొక్కి, ఆటలో ఏ కదలిక దేనికో మళ్లీ మ్యాప్ చేయండి. బటన్ లైట్లు మసకగా ఉంటే అవి 12 వోల్టులవి అయి ఉంటాయి. ఒకే రకం బోర్డులు రెండు పెట్టినప్పుడు ఒకటో ఆటగాడు, రెండో ఆటగాడు తారుమారైతే, వాటిని ఎప్పుడూ అవే యూఎస్‌బీ పోర్టుల్లో ఉంచండి. అప్పటికీ మారుతుంటే, మేమ్ అనే ఆర్కేడ్ ఎమ్యులేటర్‌లో కంట్రోలర్ ఫైలులోని మ్యాప్‌డివైస్ లైనుతో ఏ బోర్డు ఎవరిదో కట్టేయవచ్చు.