పిల్లలకు విరేచనాలు, జ్వరం, దగ్గు, పళ్లపై మరకలు: ఏ గుర్తుకు ఏం చేయాలి?

సమస్య: పిల్లకు పొద్దున్నుంచి నీళ్లలా విరేచనాలు, మధ్యలో వాంతులు

తొలి వానలు పడి నల్లా నీళ్లు మట్టిరంగుకు తిరిగాయంటే మా వాడలో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పడుకుంటారు. పైపు పగిలిన చోట మురుగు కలవడం ఒక కారణం. కడగని చేతులు, పాలసీసా, ఈగలు వాలిన తిండి మిగతావి. చిన్నపిల్లల్లో చాలాసార్లు ఇది వైరస్ వల్లే వస్తుంది కాబట్టి యాంటీబయోటిక్ పనిచేయదు. పెద్దవాళ్లు వాడే 'మోషన్స్ బంద్' గోళీ పిల్లలకు అసలు వేయొద్దు.

ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లో నీళ్లు, ఉప్పు పోవడం. అందుకే ముందు ఓఆర్ఎస్, అంటే నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, చక్కెరల పొడి. ఆశా వర్కర్ దగ్గర, పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. కలిపేటప్పుడే పొరపాటు జరుగుతుంది. మా చిన్నోడికి ఏడాదిన్నరప్పుడు కంగారులో నేను ప్యాకెట్ మొత్తం ఒక గ్లాసు నీళ్లలో వేశాను. వాడు రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకున్నాడు. నాలుక మీద వేసుకుని చూస్తే కన్నీళ్లకన్నా ఉప్పగా ఉంది. అంత చిక్కగా తాగిస్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయి, ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా ఎక్కువవుతుంది. పెద్ద ప్యాకెట్‌కు సరిగ్గా లీటరు నీళ్లు పోయాలి. లీటరు వాటర్ బాటిల్‌తో కొలవండి. నీళ్లు కాచి చల్లార్చినవి కావాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు వారికి 50 నుంచి 100 మి.లీ., ఆపై వారికి 100 నుంచి 200 మి.లీ. పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టండి. జింక్ గోళీ 14 రోజులు వేయాలి: ఆరు నెలలు దాటితే రోజుకు 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల వారికి 10. విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపొద్దు. దుకాణంలో దొరికే తియ్యటి డబ్బా డ్రింకులు ఓఆర్ఎస్ కావు, ఆ చక్కెర విరేచనాలను పెంచుతుంది.

'తినబెడితే ఇంకా పోతాడు' అని పెద్దమ్మలు కడుపు మాడుస్తారు. ప్రేమతోనే అంటారు, కానీ పిల్ల నీరసించిపోతుంది. తల్లిపాలు ఆపొద్దు. తినే వయసు పిల్లకు మెత్తటి పెరుగన్నం, అరటిపండు పెట్టండి.

కళ్లు లోపలికి పోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకున్నా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, మలంలో నెత్తురు పడినా, తాగలేకపోయినా, లేపితే మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి.

సమస్య: జ్వరం దిగడం లేదు

ఇక్కడ ఎక్కువమంది తప్పేది మందు కొలత. పారాసెటమాల్ సిరప్ రెండు మూడు బలాల్లో వస్తుంది. డోసు కిలో బరువుకు 15 మి.గ్రా. అంటే పది కిలోల పిల్లకు 150 మి.గ్రా. సీసా మీద '5 మి.లీ.లో 250' అని ఉంటే అది 3 మి.లీ., '125' అని ఉంటే 6 మి.లీ. పక్కింటివాళ్ల కొలత మీ సీసాకు సరిపోదు. ఆరేసి గంటల తేడాతో, రోజుకు నాలుగు సార్లకు మించి వేయొద్దు. మూడు నెలలలోపు పసికందుకు జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి చూడకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటితే 108. ఆగిపోయినా మొదటిసారైతే అదే రోజు డాక్టరుకు చూపించండి.

దోమల కాలంలో ఇంకో మాట: డెంగీలో జ్వరం తగ్గిన రోజే ప్రమాదం మొదలు కావచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి నెత్తురు, మత్తు కనిపిస్తే జ్వరం పోయిందని ఊరుకోవద్దు.

సమస్య: దగ్గు, డొక్కలు ఎగరేయడం

పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40 లేదా అంతకు మించి ఉన్నా, డొక్కలు లోపలికి పోతున్నా అది న్యుమోనియా (ఊపిరితిత్తులకు పట్టే జబ్బు) కావచ్చు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పొట్ట మీద వాతలు పెట్టించొద్దు. ఆ కాలిన పుండు పిల్లకు రెండో బాధ, పైగా ఆస్పత్రికి చేరాల్సిన సమయం అక్కడే పోతుంది.

సమస్య: కొత్తగా వచ్చిన పళ్లపై తెల్ల చారలు, గోధుమ మరకలు

మా నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఇది ఇంటింటి దిగులు. ఆరేడేళ్లకు వచ్చిన ముందు పళ్లు రెండు వైపులా ఒకేలా మరకలు పడితే అది ఎక్కువగా ఫ్లోరోసిస్. బోరు నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్ కారణం, మన నేల కింది గ్రానైట్ రాయి నుంచి వస్తుంది. పళ్లు చిగుళ్ల లోపల తయారవుతున్నప్పుడే అది ఎనామిల్‌ను, అంటే పంటి పైపొరను, దెబ్బతీస్తుంది. అందుకే బ్రష్‌తో, బొగ్గుతో, ఇటుకపొడితో ఎంత రుద్దినా పోదు, పన్ను అరిగిపోతుంది. మరకను కప్పే చికిత్స దంత వైద్యుడి దగ్గర ఉంది, దానికి తొందర లేదు. తొందరపడాల్సింది ఇంట్లో ఎనిమిదేళ్లలోపు తమ్ముడో చెల్లో ఉంటే వాళ్ల నీళ్లు మార్చడంలో.

కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ గాఢత పెరుగుతుంది. బిందెలో పటిక తిప్పినా చాలదు: పటిక, సున్నం కలిపే 'నల్గొండ టెక్నిక్' నిజంగా ఉంది గానీ, నీటి పరీక్షను బట్టి పాళ్లు కుదరాలి, అందాజుగా కుదరదు. ఆర్ఓ ఫిల్టరైనా, మిషన్ భగీరథ నల్లా నీళ్లయినా వాడండి. మన దగ్గర చాలా ఇళ్లలో తాగడానికి నల్లా నీళ్లు పట్టి, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతో వండుతారు. ఆ ఫ్లోరైడ్ కూడా కడుపులోకే పోతుంది.

మోకాళ్లు లోపలికి తిరుగుతున్నట్టు, నడక మారినట్టు అనిపిస్తే ఎముకల డాక్టరుకు చూపించండి. విటమిన్ డి, కాల్షియం లోటు కూడా అలాగే కనిపిస్తుంది, రెండూ ఉంటే బాధ రెట్టింపు.

బోరు నీళ్లను సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే ఆ నీళ్లు పిల్లల నోటికి పనికిరావు. రిపోర్టు వచ్చేదాకా బియ్యం ఎసరు కూడా నల్లా నీళ్లతోనే పెట్టండి.