పాత తలుపుల గడియలు, బందులు బాగు చేయడం ఎలా?

పాత గడియలు, గొళ్ళేలు, బందులు తుప్పు వల్ల పాడయ్యేది తక్కువ, బాగు చేయబోయి పాడు చేసేదే ఎక్కువ. అందులో సగం నష్టం ఊడదీసేటప్పుడే జరిగిపోతుంది.

కావలసినవి: రకరకాల వెడల్పుల్లో చదును మొన స్క్రూడ్రైవర్లు, పదునైన కత్తి, చిన్న సుత్తి, అయస్కాంతం, వాషింగ్ సోడా, టూత్‌బ్రష్, 0000 నంబరు స్టీల్ ఊల్ (అతి సన్నని ఉక్కు పీచు), తేనెమైనం. మొదలుపెట్టే ముందు ఫోటోలు తీయండి. ఏ తలుపు సామాను ఆ తలుపు స్క్రూలతోనే విడి సంచిలో వేసి, పైన గుర్తు రాయండి.

స్క్రూలు ఊడదీయడం

ఇక్కడ తొందర పనికిరాదు. ఏళ్ళ తరబడి వేసిన రంగు, గడియ లేదా బందు రేకును చెక్కకు అతికించేసి ఉంటుంది. ముందు రేకు చుట్టూ కత్తితో గీసి ఆ అతుకు తెంచాలి. లేదంటే రేకుతో పాటు చెక్క పెచ్చు లేస్తుంది. తర్వాత స్క్రూ గాటులో పేరుకున్న రంగును కత్తి మొనతో అడుగు దాకా తీయాలి, పైపైన గీకితే చాలదు. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి. పొడిగా గరుకు కాగితంతో రుద్దవద్దు.

స్క్రూడ్రైవర్ మొన గాటు నిండా కూర్చోవాలి. సన్నని మొనతో తిప్పితే గాటు అంచులు అరిగిపోతాయి, ఆ తర్వాత ఏదీ పట్టదు. మొన ఆనించి, పిడి మీద సుత్తితో రెండు మూడు దెబ్బలు వేస్తే మరల్లో పట్టిన తుప్పు వదులవుతుంది. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, అప్పుడు విప్పే వైపు తిప్పండి.

కదలకపోతే బలం పెంచకండి. ఇత్తడి స్క్రూ మెత్తన, మెడ దగ్గర తెగి సగం చెక్కలోనే ఉండిపోతుంది. రంగు పూర్తిగా పోయిన తల మీద సోల్డరింగ్ ఐరన్ (టంకం వేసే కరెంటు కడ్డీ) వేడి మొనను ఒక నిమిషం ఆనించి, చల్లారాక మళ్ళీ ప్రయత్నించండి. ఈ పనికి కరెంటు డ్రైవర్ ముట్టుకోవద్దు. పట్టు జారుతోందని చెయ్యి ముందే పసిగడుతుంది, మిషను పసిగట్టదు.

రంగు, మెరుగు

అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుము. పైకి పసుపుగా కనిపించినా అది ఇత్తడి పూతే, గట్టిగా రుద్దితే పోతుంది. వంటకు వాడని స్టీలు గిన్నెలో లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల వాషింగ్ సోడా కలిపి, మరగకుండా వేడిగా గంటో రెండు గంటలో ఉంచితే రంగు మెత్తబడుతుంది, బ్రష్‌తో వచ్చేస్తుంది. అల్యూమినియం సామాను మాత్రం ఇందులో వేయకండి, సోడా దాన్ని తినేస్తుంది. ఇనుమును కడిగిన వెంటనే ఆరబెట్టి, తుప్పు మచ్చలుంటే స్టీల్ ఊల్‌కు నూనె రాసి రుద్దండి.

బఫింగ్ చక్రం (మెరుగు పెట్టే మిషను చక్రం) వద్దే వద్దు. పోతపోసిన నగిషీ గీతలు దాంతో చెరిగిపోతాయి, మళ్ళీ తెచ్చుకోలేం. ఇత్తడిని వెనిగర్‌లో ఎక్కువసేపు నానబెడితే జింకు కరిగి గులాబీ రంగు తేలుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో పగుళ్ళు రావచ్చు. ఆఖరున తేనెమైనమే పూయండి. లక్క పూత ఒకచోట లేచిందంటే మొత్తం గీకి మళ్ళీ వేయాలి, మైనమైతే అరిగిన చోట మళ్ళీ రుద్దితే సరి. తాళం లోపలికి గ్రాఫైట్ పొడి చాలు, నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది.

తిరిగి బిగించడం

రంధ్రం వదులైతే లావు స్క్రూ వేయకండి, దాని తల రేకు గుంటలో దిగదు. జిగురు పూసిన చెక్క పుల్లలు కూరి ఆరనివ్వండి. అదే సైజు ఇనుప స్క్రూను ముందుగా ఎక్కించి తీసి, ఆ దారిలోనే మైనం రాసిన ఇత్తడి స్క్రూను బిగించండి.