చిట్టా, ఆవర్జా, స్కీ పోటీ: ఫలితాల పట్టికలోంచి ఒక రేసర్‌ను చదవడం ఎలా

మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి అడిగాడు: "పిన్నీ, ఆ హంగరీ అమ్మాయికి ఒలింపిక్స్‌లో ఏడో స్థానం వచ్చిందని అంత మురిసిపోతూ చెబుతావు. పతకమే రాలేదు కదా, ఏడు గొప్ప ఎలా అవుతుంది?"

న్యాయమైన ప్రశ్న. బుడాపెస్ట్‌కు వచ్చిన కొత్తలో నాకూ అదే సందేహం ఉండేది. వాడికి రాసి పంపిన జవాబునే కొంచెం పెంచి రాస్తున్నాను. జీవితంలో మంచు చూడనివారు కూడా, కాళ్లకు పొడవాటి పలకలు (స్కీలు) కట్టుకుని మంచు కొండ దిగే ఆల్పైన్ స్కీ రేసర్ ప్రయాణాన్ని ఫలితాల వరుసల్లోంచి చదువుకోవచ్చు. ఉదాహరణకు వాడు అడిగిన ఆ హంగరీ అమ్మాయిని, మిక్లోష్ ఎడిట్‌నే తీసుకుంటున్నాను. ఆమె మీద నాకున్న అభిమానం ఈ రాతలో కనిపిస్తుంది, దాచుకోను.

ముందు పేరు సంగతి తేల్చుకోండి, లేకపోతే సగం జీవితం మీకు దొరకదు. హంగరీవాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు. మిక్లోష్ ఇంటిపేరు, ఎడిట్ సొంత పేరు. మిగతా ఐరోపా పత్రికలు దాన్ని తిప్పి ఎడిట్ మిక్లోష్ అని రాస్తాయి. పాత రుమేనియా జాబితాల్లో 'ఎడిత్' అని, చివర ఒక అక్షరం అదనంగా కనబడుతుంది. ముగ్గురూ ఒక్కరే. ఆమె 1988లో రుమేనియాలోని చీక్‌సెరెద అనే ఊళ్లో పుట్టింది. హంగరీ భాష మాట్లాడే ఊరు అది. దాని పేరులో బుధవారం ఉంది, రుమేనియా భాషలో ఉన్న పేరులోనూ అదే బుధవారం. వారం పేరుతో సంతలు పిలుచుకునే మనకు ఇది విడమరిచి చెప్పక్కరలేదు. అందుకే ఆమె ఫలితాల్లో మొదట రుమేనియా జెండా, 2010 ఒలింపిక్స్ తర్వాత హంగరీ జెండా ఉంటాయి. ఆ మార్పు ఏ వరుస దగ్గర వచ్చిందో ఎర్ర సిరాతో ఒక గీత గీయండి.

ఇప్పుడు పుస్తకం. మా నాన్న తెనాలిలో రైసు మిల్లు గుమాస్తా. రోజు జరిగినది జరిగినట్టు చిట్టాలో ఎక్కించేవారు. ఆ తర్వాత ఎవరి పద్దు వారికి విడదీసి ఆవర్జాలో రాసేవారు. చిట్టా లేకుండా ఆవర్జా రాసేవాణ్ణి నమ్మవద్దనేవారు. స్కీ రేసర్‌కూ నేను అదే పద్ధతి వాడతాను. అంతర్జాతీయ స్కీ సమాఖ్య ప్రతి రేసర్‌కూ ఒక ఫలితాల పేజీ నడుపుతుంది, ఎవరైనా చూడవచ్చు. దాన్ని తెరిచి, పాత తేదీ నుంచి కొత్త తేదీకి వస్తూ చిట్టా రాయండి: తేదీ, ఊరు, పోటీ రకం, బిబ్ నంబరు (రేసర్ ఛాతీ మీద ఉండే, దిగే వరుసను చెప్పే అంకె), స్థానం, విజేతతో సమయంలో తేడా, గమనిక. బిబ్ నంబరు ఒక్కోసారి ఆ రోజు పోటీ పట్టికలోకి వెళ్తేనే దొరుకుతుంది. బద్ధకించకండి, అసలు కథ ఆ గడిలోనే ఉంది. సమాఖ్య లెక్కలో 2014 చివర్లో మొదలై 2015 మార్చిలో ముగిసే చలికాలానికి '2015' అని పేరు. మొదటి రోజు నేను దీన్ని గమనించక ఒక ఏడాది మొత్తం తప్పుగా ఎక్కించి, మళ్లీ మొదటి నుంచి రాశాను.

చిట్టా పూర్తయ్యాక ఆవర్జా. నాలుగు పద్దులు తెరవండి. స్లాలమ్‌లో గేట్లు, అంటే రేసర్ చుట్టి వెళ్లాల్సిన కర్రలు, దగ్గరగా ఉంటాయి, మలుపులు చిన్నవి. జెయింట్ స్లాలమ్‌లో గేట్ల మధ్య దూరం ఎక్కువ. ఈ రెండింటిలోనూ రెండు విడతలు దిగి, రెండు సమయాలు కలుపుతారు. సూపర్‌-జీ వేగానికి సంబంధించిన పోటీ, ఒకే విడత, ముందు సాధన పరుగులు ఉండవు. అన్నిటికన్నా వేగం డౌన్‌హిల్‌ది. దానిలోనూ ఒకే విడత, కాకపోతే అంతకుముందు రోజుల్లో అదే దారిలో సమయం కొలిచే సాధన పరుగులు ఉంటాయి. హంగరీ భాషలో దాన్ని లెషిక్లాష్ అంటారు, జారుతూ దిగడం అని అర్థం. మిక్లోష్ వరుసలను పద్దులుగా విడదీస్తే డౌన్‌హిల్ పేజీ బరువుగా తేలుతుంది. ఆమె వేగం మనిషి.

ఇది ఎంత విచిత్రమో హంగరీలో ఉంటే తెలుస్తుంది. ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు మాత్రా కొండల్లోని కేకెష్ శిఖరం, సముద్రమట్టం నుంచి 1014 మీటర్లు. ప్రపంచకప్ అంటే ఇక్కడ ఏటా చలికాలమంతా వేర్వేరు ఊళ్లలో సాగే పోటీల వరుస. మహిళల ప్రపంచకప్ డౌన్‌హిల్ దారి పైనుంచి కిందికి కనీసం 450 మీటర్ల లోతు దిగాలి. అలాంటి దారి ఒక్కటి కూడా ఈ దేశంలో లేదు. చలికాలం ఒలింపిక్స్‌లో హంగరీ 2018కి ముందు గెలిచిన పతకాలన్నీ ఫిగర్ స్కేటింగ్‌వే. డౌన్‌హిల్ జెండా మోయడానికి ఈ దేశానికి సరిపడే కొండ ఒక్కటి కూడా లేదు.

ఇక బిబ్ నంబరు. దీన్ని పుస్తకంలోకన్నా మంచులో నేర్చుకున్నాను. మా అమ్మాయికి పదేళ్లప్పుడు ఆస్ట్రియాలోని ష్టూలెక్ కొండ మీద పిల్లల జెయింట్ స్లాలమ్ పోటీ. బుడాపెస్ట్ కుటుంబాలు శని, ఆదివారాల్లో ఎక్కువగా వెళ్లే కొండ అది. నేను నాలుగో గేటు పక్కన నిలబడ్డాను. మొదటి పిల్లలు వచ్చినప్పుడు మంచు చదునుగా, నిన్న ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. ప్రతి బిడ్డా అదే గేటు చుట్టూ అదే చోట స్కీ అంచు నొక్కుతుంది. పదిమంది వెళ్లేసరికి ఒక గాడి. ముప్పైమంది వెళ్లేసరికి ఆ గాడి నా బూటు చీలమండ దాకా మునిగేంత లోతు, అడుగున మంచు గీసుకుపోయి నీలంగా మెరుస్తోంది. మా అమ్మాయి నంబరు 47. ఆమె ఆ గాడిలోకి దిగగానే స్కీలు ఎగిరెగిరి పడిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ముప్పై ఒకటో స్థానం వచ్చింది. కారెక్కాక ఏడుస్తుంటే, నువ్వు దిగిన దారి, మొదటి పిల్ల దిగిన దారి ఒకటి కాదమ్మా అన్నాను. ఓదార్పుకు అన్న మాట కాదు, నేను కళ్లారా చూసింది.

పెద్దల పోటీల్లోనూ సూత్రం అదే. మంచి ర్యాంకు ఉన్నవారికి మంచి నంబర్లు వస్తాయి, ర్యాంకు లేనివారు వెనక దిగుతారు. ఏ నంబర్లు ఎవరికివ్వాలనే నియమం డౌన్‌హిల్‌లో కొన్నిసార్లు మారింది, కాబట్టి మీరు చదువుతున్న ఏడాది నియమం ఏమిటో చూసుకోండి. డౌన్‌హిల్ దారిని గట్టి మంచుతో చేస్తారు కనుక గాడులు స్లాలమ్‌లోలాగా తొందరగా పడవు. అక్కడ ఎండ, మబ్బు, గాలి మారడం కూడా లెక్కలోకి వస్తాయి. అందుకని ఒక్క రేసు చూసి తీర్పు చెప్పకండి. ఒక చలికాలం మొత్తం బిబ్ గడినీ స్థానం గడినీ పక్కపక్కన పెట్టి, బిబ్ కన్నా స్థానం ఎన్నిసార్లు చిన్నదో లెక్కపెట్టండి. తన నంబరు కన్నా ముందు ముగించే రేసర్ ఎదుగుతోందని అర్థం. చిన్న దేశం నుంచి వచ్చినవారు పైకి వచ్చే మెట్లు అవే.

తేడా గడికి ఒక స్కూలు స్కేలు తీసుకోండి, ముప్పై సెంటీమీటర్లది. గంటకు 108 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ముప్పై మీటర్లు. అంటే సెకనులో నూరో వంతుకు సరిగ్గా ఆ స్కేలు పొడవు. డౌన్‌హిల్‌లో మహిళలు చాలాచోట్ల అంతకన్నా వేగంగానే వెళతారు. 2014 ఫిబ్రవరి 12న సోచి ఒలింపిక్స్ డౌన్‌హిల్‌లో స్లొవేనియాకు చెందిన టీనా మాజే, స్విట్జర్లాండ్‌కు చెందిన డొమినిక్ గిసిన్ ఇద్దరూ ఒకే సమయం, 1 నిమిషం 41.57 సెకన్లలో దిగారు. ఇద్దరికీ బంగారు పతకాలు ఇచ్చారు. మూడో స్థానంలోని లారా గుట్ సెకనులో పదో వంతు వెనక. స్కేలును పదిసార్లు పరిచి చూడండి, మీ గది ఈ గోడ నుంచి ఆ గోడకు. ఆ రోజు ఏడో స్థానం మిక్లోష్ ఎడిట్‌ది. పెద్ద జట్లు, సొంత కొండలు ఉన్న దేశాల రేసర్ల మధ్య ఆమె ఏడో పేరు. మా వాడికి ఇది చాలా సేపు నమ్మశక్యం కాలేదు. స్కేలుతో కొలిచాక మెత్తబడ్డాడు.

అయితే నా పుస్తకంలో నక్షత్రం గుర్తు పెట్టిన వరుస సోచి కాదు. కారణం చెబుతాను. ఒలింపిక్స్‌లో ఒక్కో పోటీకి ఒక దేశం నుంచి నలుగురు మాత్రమే దిగగలరు. ప్రపంచకప్‌లో ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ లాంటి దేశాల నుంచి అంతకన్నా ఎక్కువమంది వస్తారు. అందుకే ప్రపంచకప్‌లో ముందు నిలబడటం చాలాసార్లు మరింత కష్టం. 2015 జనవరి 24న స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో జరిగిన ప్రపంచకప్ డౌన్‌హిల్‌లో లారా గుట్ మొదటిది, ఆనా ఫెనింగర్ రెండోది, మిక్లోష్ మూడోది. నక్షత్రం ఆ వరుసకు పెట్టాను. ప్రపంచకప్ పాయింట్లు మొదటి స్థానానికి 100, రెండోదానికి 80, మూడోదానికి 60. అలా తగ్గుతూ ముప్పయ్యో స్థానానికి ఒకటి. ఒలింపిక్ ఫలితం ఈ కూడికలోకి రాదు. సోచి ఏడో స్థానం ప్రపంచకప్ లెక్కలో సున్నా. రెండు పద్దులు కలిపేస్తే మొత్తం తప్పుతుంది.

ఇంకో గడి ఉంది, సమాఖ్య పాయింట్లు. దీనిలో తక్కువ ఉంటేనే మంచిది, కొత్తవారు ఇక్కడే తడబడతారు. సూత్రం తేలికే. విజేతతో ఉన్న తేడాను విజేత సమయంతో భాగించి, ఆ పోటీ రకానికి నిర్ణయించిన సంఖ్యతో హెచ్చించాలి. డౌన్‌హిల్‌కు ఇటీవలి సంవత్సరాల్లో ఆ సంఖ్య 1250. విజేత 100 సెకన్లలో దిగితే, ఒక సెకను వెనకబడినవారికి 12.5. దానిమీద ఆ పోటీ స్థాయిని బట్టి కొంత అదనం కలుస్తుంది. ప్రపంచకప్‌లో కనిపించని ఏడాదుల్లో రేసర్ ఎక్కడ ఉందో చెప్పే గడి ఇదొక్కటే.

ఇప్పుడు అందరూ దాటేసే వరుసలు. 'డీఎన్ఎఫ్' అంటే మొదలుపెట్టి ముగించలేదు. 'డీఎన్ఎస్' అంటే అసలు దిగలేదు. 'డీఎస్‌క్యూ' అంటే నియమం తప్పినందుకు తొలగించారు. మూడింటినీ ఒకే గాట కట్టకండి. దిగకపోవడం ఒక్కోసారి జ్వరం కావచ్చు, ఒక్కోసారి రేపటి కోసం కాళ్లు దాచుకోవడం కావచ్చు. డీఎన్ఎఫ్ కనబడితే ఆ రోజు పత్రికలు వెతకండి. మిక్లోష్ చిట్టాలో 2010 ఫిబ్రవరి 17, విస్లర్ (కెనడా), ఒలింపిక్ డౌన్‌హిల్, రుమేనియా, డీఎన్ఎఫ్ అని ఒక వరుస ఉంటుంది. లిండ్సే వాన్ బంగారు పతకం గెలిచిన రేసు అది. దారి చాలామందిని పడేసింది. మిక్లోష్ కూడా గట్టిగా పడింది, ఆమెను హెలికాప్టర్‌లో తీసుకువెళ్లాల్సి వచ్చింది. పట్టికలో దానికి మిగిలింది మూడక్షరాలే. గమనిక గడిలో ఆ సంగతి రాశాకే, నాలుగేళ్ల తర్వాతి ఒలింపిక్స్ వరుసలో ఉన్న 7 అంకె వైపు రండి. రెండూ ఒకే రకం పోటీ, ఒకే మనిషి. పడిన పోటీలోకే మళ్లీ దిగి, అదే పోటీలో తన జీవితంలోని మంచి రోజులు చూసింది.

చివరగా, వరుసలు లేని నెలలకూ చోటు వదలండి. చిట్టా రాసేటప్పుడు ఖాళీ నెలలను దగ్గరకు జరిపి కలిపేయాలనిపిస్తుంది, పేజీ నిండుగా కనిపిస్తుందని. అలా కలిపితే గాయాలు మాయమైపోతాయి. మోకాలి గాయం వల్ల ఆమె 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయింది. ఆ చలికాలానికి నేను ఒక పూర్తి పేజీ వదిలాను. పైన సంవత్సరం రాసి, కింద గడులన్నీ గీసి, గమనిక గడిలో 'మోకాలు' అని ఒక్క మాట రాశాను. మా వాడు తన పుస్తకంలో ఆ పేజీ వదలలేదు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు మళ్లీ గీయమని చెబుతాను.