ఇల్‌టుట్‌మిష్ అనే పేరుకు అర్థం తేల్చుకోవడం ఎలా?

ఢిల్లీని 1211 నుంచి 1236 వరకు ఏలిన తురుష్క సుల్తాను, రజియా తండ్రి, మన చరిత్ర పుస్తకాల్లో ఒకచోట ఇల్‌టుట్‌మిష్‌గా, మరొకచోట అల్తమష్‌గా కనిపిస్తాడు. రెండో రూపం మన దేశంలో ఇప్పటికీ వాడుకలో ఉంది. 2012లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన అల్తమస్ కబీర్ పేరులో ఉన్నది అదే. అర్థం అడిగితే మాత్రం 'అరవై' అనో, 'గ్రహణం నాడు పుట్టినవాడు' అనో చెప్పి ఊరుకుంటారు. రెండూ తప్పే.

కావలసినవి కొద్దిపాటివే: కాగితం, పెన్సిలు, పదమూడో శతాబ్దానికి ముందరి టర్కిక్ భాషకు, అంటే నేటి టర్కిష్‌కు బంధువైన పాత తురుష్క భాషకు, భాషావేత్త క్లాసన్ 1972లో వెలువరించిన వ్యుత్పత్తి నిఘంటువు. నేటి టర్కిష్ నిఘంటువును ముందుగా తెరవకూడదు. పేరుగల మనిషి ఏ కాలంవాడో రాసుకుని వెంటనే తర్వాతి పనికి వెళ్లాలి.

అసలు చిక్కు పేరును చదవడంలో ఉంది. పర్షియన్ చరిత్రకారులు ఈ పేరును అరబ్బీ లిపిలో రాశారు, ఆ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణంగా రాయరు. అలిఫ్, లామ్ (ల), తే (త), తే, మీమ్ (మ), షీన్ (ష): కాగితం మీద మిగిలేవి ఇవే. మన లిపిలో గుడులూ కొమ్ములూ తీసేసి పేరు చదవమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పైగా పక్కపక్కనే వచ్చిన రెండు 'తే'లు కలిపిరాతలో రెండు చిన్న పళ్లలా మాత్రమే తేలుతాయి, వాటిని గుర్తుపట్టించేవి పైనున్న చుక్కలే. లేఖకుడి తొందరలో ఒక పన్ను జారిపోయిందా, మిగిలేది 'అల్త్మిష్'. టర్కిష్‌లో దానికి అరవై అని అర్థం కాబట్టి చదివినవాడికి అనుమానం కూడా రాదు.

అందువల్ల అచ్చుప్రతిని నమ్మి ముందుకు సాగకూడదు. రాతప్రతి ఛాయాచిత్రాన్నో శాసనాన్నో ఎదురుగా పెట్టుకుని, అక్షరాలను విడివిడిగా, పెద్దవిగా, పెన్సిలుతోనే రాసుకుని, పళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. పేరు పద్యంలో దొరికితే ఇంకా మేలు: పర్షియన్ ఛందస్సుకూ గురులఘువుల లెక్క ఉంది గనుక, మనం గణవిభజన చేసినట్టే చేస్తే ఎన్ని అక్షరాలు పలకాలో తేలుతుంది. ఈ పని పూర్తికాకుండా అర్థం జోలికి పోకూడదు.

రెండు 'తే'లూ నిలిచాక విడదీయడం తెలుగువాళ్లకు సులువు, ఎందుకంటే టర్కిక్ భాషలూ మనలాగే కర్మను ముందు, క్రియను తర్వాత పెట్టి, ప్రత్యయాన్ని చివర తగిలిస్తాయి. 'ఇల్' అంటే పాలకుడి కింద కూడిన ప్రజ, రాజ్యం. 'తుత్' అంటే పట్టు. 'మిష్' మన 'పట్టిన'లోని 'ఇన' లాంటిది. కలిపితే రాజ్యాన్ని పట్టి నిలిపినవాడు.

గ్రహణం కథ సుల్తాను పోయిన సుమారు 350 ఏళ్లకు, అక్బరు కాలపు చరిత్రకారుడు బదాయూనీ రాసినది. అది ఎలా పుట్టి ఉంటుందో నాకు తోచేది ఇది: టర్కిష్‌లో చంద్రగ్రహణాన్ని 'ఆయ్ తుతుల్మసి' అంటారు, అంటే చంద్రుడిని పట్టడం, మనం గ్రహణం పట్టింది అన్నట్టే. అయితే చంద్రుడికి మాట 'ఆయ్', ఈ పేరులోనేమో లామ్ ఉంది. ఆ లామ్‌కు జవాబు చెప్పలేని అర్థాన్ని ఎంత పాతదైనా పక్కన పెట్టవలసిందే.

చివరిగా, తేలిన అర్థానికి పాత వాడుకలో తోడు వెతకాలి. మంగోలియాలో ఓర్ఖాన్ లోయలో 732లో నిలిపిన కుల్ తెగిన్ శాసనం, ఓతుకెన్ అడవిని 'ఇల్ తుత్సిక్ యిర్' అంటుంది: రాజ్యాన్ని పట్టి ఉంచదగిన చోటు. అదే 'ఇల్', అదే 'తుత్', అదే వరుస. ఆ పంక్తిని పేరు పక్కనే రాసుకోవాలి.